గాజు కింద గరిక

ఇలా రండి, ఇంకా దగ్గరికి జరగండి. ఆ టీవీ గొంతు కాస్త తగ్గించి, చాప ఇటు లాక్కోండి. చిత్తూరులో నవీన అనే పిల్ల ఒక వ్యాను లోపల తల దూర్చి ఏం చూసిందో, చూసి కూడా ఎందుకు నోరు మూసుకుందో, ఆ నోరు ఎవరు తెరిపించారో చెబుతాను. పెద్ద కథేమీ కాదు, సోమవారం మొదలై శుక్రవారానికి అయిపోయింది. కానీ మధ్యలో లేచిపోతే మాత్రం అర్థం కాదు, ముందే చెబుతున్నాను.

అది కార్తీక మాసం చివరి సోమవారం. ముందురోజు నుంచీ ముసురు పట్టింది. చిత్తూరులో ఇరువారం దగ్గర, రోడ్డు పక్కన రేకుల కప్పు కింద మునిరత్నం షెడ్డు ఉంది. బండ్లకు కరెంటు పనులు చేసే షెడ్డు అది. హారను మోగకపోయినా, లైటు వెలగకపోయినా, ఏసీ గాలి రాకపోయినా అక్కడికే తెస్తారు. రెండేళ్ళుగా మునిరత్నం కుడిచెయ్యి వణుకుతోంది. స్క్రూడ్రైవరు పట్టుకుంటే దాని మొన స్క్రూ నెత్తిన నిలవదు. అందుకని పనంతా కూతురు నవీనే చేస్తుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, చేతులు సన్నం. పెద్ద మేస్త్రీల చేతులు పట్టని సందుల్లోకి ఆమె చెయ్యి మోచేతి దాకా పోతుంది. వచ్చినవాళ్ళకు మాత్రం ముందర స్టూలు మీద కూర్చున్న మునిరత్నమే కనబడతాడు. నవీన బండి లోపల ఉంటుంది. పని బాగుంటే మునిరత్నం చేశాడంటారు. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆ మాటను అలాగే పోనిస్తూ వచ్చారు.

పక్కనే టైర్ల అంగడి నరేంద్ర, ఈ షెడ్డు కూడా తనకే ఇచ్చెయ్యమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. నెలాఖరుకు మాట చెబుతానన్నాడు మునిరత్నం. కూతురితో మాత్రం ఒకటే అన్నాడు: "కాణిపాకం వ్యాన్లోళ్ళు వస్తుండినంత కాలం నడుపుదాం పాపా. వాళ్ళు రాలేదనుకో, ఇంక మనకెందుకీ తిప్పలు." కాణిపాకం గుడి ముందర నిలిచే పద్నాలుగు వ్యాన్లే ఆ షెడ్డుకు ఆధారం.

ఆ పద్నాలుగింటిలో ఒకటి ఐరాల హరినాథ్‌ది. ఆ సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆ వ్యాను బురద చిమ్ముకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. హరినాథ్ దిగాడు. తలుపు వేసిన చప్పుడుకే నరేంద్ర తన అంగడిలోంచి బయటికొచ్చి చూశాడు.

"ఏం మునిరత్నమన్నా, నన్ను సంపాలని ఎప్పట్నుంచి అనుకుంటుండావు?"

మునిరత్నం స్టూలు మీంచి లేచాడు. "ఏమైంది హరీ? లోపలికి రా అప్పా, తడుస్తుండావు."

"నేను రాను. నువ్వే బయటికి రా, అందరూ ఇననీ. నిన్న కొండెక్కుతుండా. వాన. లోపల పదిమంది, వేలూరోళ్ళు. పదిమంది ఊపిరికి గాజు పాలు పోసినట్ల తెల్లగా అయిపాయ. బ్లోయరు ఏస్తే గుర్రుమనింది, కమురు వాసన కొట్టింది, నిలిసిపోయింది. తువ్వాలుతో తుడిస్తే తుడిసినంత సేపే. మలుపు యాడో, గోడ యాడో తెలీలా. ఎనకాల పదిమందీ ఒకే గొంతుతో గోవిందా అన్నారు. అబ్బ, ఏం భక్తిరా వీళ్ళకి అనుకున్నా! దిగి చూస్తే గోడకీ బండికీ నడుమ జానెడు లేదు."

నరేంద్ర నవ్వబోయి ఆపుకున్నాడు.

"చవితి అయినాక ఏయించుకున్న మోటారన్నా అది. మూణ్ణెల్లు కాలా. కొత్తదని చెప్పి ఎవురి బండిలోదో పాతది పెట్టినావు గదా?"

"కొత్తదే హరీ. నేనే ఏసినా, నా చేత్తో."

బండి లోపలినుంచి, ఇంకొకరి కారు కింద నుంచి లేదా రేకు చాటు నుంచి నవీన వస్తే ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

"నాయన కాదన్నా. నేనేసినా."

హరినాథ్ ఆమెను చూశాడు. మునిరత్నం చేతిని చూశాడు. ఆ చెయ్యి అప్పుడు లుంగీ అంచు పట్టుకుని వణుకుతోంది. అతనికి అంతా అర్థమైపోయింది.

"అదా సంగతి. ఆడపిల్ల చేతికి బండ్లిచ్చి నువ్వు ఈడ కూసోని పేరు మోస్తుండావా? పొయ్యి కాడ మాడితే బువ్వ పోతాదన్నా. ఈడ మాడితే మనుసులు పోతారు." అని తాళాలు స్టూలు మీద పడేశాడు. "తియ్యండి, మళ్ళీ కొత్తది ఏయండి. ఇదే కడసారి నేను ఈ షెడ్డుకు రావడం. స్టాండులో అందరికీ చెప్తా."

ఎదురు టీ అంగడికి వెళ్ళిపోయాడు.

నవీన వ్యాను ఎక్కి ఎడమవైపు సీటు ముందర మోకాళ్ళ మీద కూర్చుంది. బ్లోయరు మోటారు ఉండేది అక్కడే, కాగితాలు పెట్టుకునే అర వెనకాల. అర ఊడదీసి పక్కన పెట్టింది. ఆమెకు ఒకటే భయం, ఎందుకో చెబుతాను. ఆ మోటారు పొట్టకు చల్లగాలి పోవడానికి చిటికెన వేలంత రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. మోటారు మార్చేటప్పుడు దాన్ని పీకాలి, మళ్ళీ తగిలించాలి. తగిలించడం మరిచిపోతే ఆ రోజు ఏమీ తెలియదు. గాలి బాగానే వస్తుంది. రెండు మూడు నెలలకు లోపల ఉడికి ఉడికి కాలిపోతుంది. మూడు నెలలు. తగిలించానా? తగిలించలేదా? ఆ రోజు ఇంకో బండివాడు తొందరపెడుతున్నాడు. ఎంత గుర్తు చేసుకున్నా ఆ గొట్టం గుర్తు రావడం లేదు.

కళ్ళు మూసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. వేళ్ళకు రబ్బరు తగిలింది. గొట్టం దాని చోట గట్టిగా కూర్చుని ఉంది.

నుదురు డ్యాష్‌బోర్డుకు ఆనించింది.

తర్వాత వైరు ప్లగ్గు పీకి, మూడు స్క్రూలు విప్పింది. అరచేతిలోకి దిగిన మోటారు ఎప్పటికంటే బరువుగా ఉంది. దాని నెత్తిన గాలి తోసే చక్రం ఉంటుంది, సన్నటి రెక్కలతో చిన్న బుట్టలాంటిది. ఆ బుట్ట నిండా పూలు. బంతిరేకులు, కనకాంబరాలు ఎండి నల్లబడి రెక్కల సందుల్లో కూరుకుని ఉన్నాయి. నాలుగు పసుపు అక్షింతలు కూడా. ఇరుసు చుట్టూ గరికపోచలు, కదురుకు నూలు చుట్టినట్టు, ఎంత బిగుతుగా చుట్టుకున్నాయంటే స్క్రూడ్రైవరు మొన దూరలేదు. ఎన్ని వారాల గరికో. తిరగలేక తిరగలేక, లాగి లాగి మోటారు కాలిపోయింది.

టార్చి పెట్టి పైకి చూసింది. ముందు గాజు అడుగున, బయట గాలి లోపలికి రావడానికి నల్లటి జల్లెడ ఉంటుంది కదా, దాని మూల రెండంగుళాలు విరిగిపోయింది. ఆ సందులోంచి ముసురు పట్టిన ఆకాశం కనబడుతోంది.

మా వైపు, అందులోనూ కాణిపాకం చుట్టుపక్కల, బండి ఉన్న ఏ ఇంట్లోనైనా పొద్దున్నే ముందుగాజు కింద గాడిలో నాలుగు పూలు, వినాయకుడి పేరు చెప్పి ఒక గుప్పెడు గరిక పెట్టందే బండి కదలదు. బయలుదేరాక గాలికి పోయేవి పోతాయి. పోనివి అక్కడే దిగబడతాయి.

నవీనకు ఇంకొకటి గుర్తొచ్చింది. చవితి తర్వాత పాత మోటారు దించినప్పుడు కూడా ఇలాంటి నల్లటి చెత్త కాస్త ఉంది. ఎండాకులనుకుని గాలి కొట్టి ఊదేసింది. మోటారు మార్చింది గానీ, అది ఎందుకు చచ్చిందని ఆగి చూడలేదు.

అయినా ఒళ్ళంతా తేలికైంది. మోటారు పాతది కాదు, గొట్టం మరిచిపోలేదు, ఆడపిల్ల చెయ్యి కాదు. ఇది తీసుకెళ్ళి హరినాథ్ ముందు పెడితే చాలు, నరేంద్ర కూడా చూస్తాడు. మోటారును గుడ్డలో పెట్టుకుని రోడ్డు దాటింది.

టీ అంగడి పందిరి కింద హరినాథ్ అటు తిరిగి ఫోనులో మాట్లాడుతున్నాడు. ఇందాకటి గొంతు కాదది.

"నాకేం కాలేదు మా. చెప్తుండా గదా. ఎవురు చెప్పినారు నీకు?... ఏడవబాకు. ఇట్ల విను. గోడకు జానెడు దూరంలో నిలిసింది బండి. జానెడు! ఎవురు నిలిపినారనుకుంటుండావు? నువ్వు పొద్దన పెట్టిన పూలే నిలిపినాయి. ఆ... అవునుమా. నాయనకు ఆ పొద్దు పెట్టలేదని అంటావు గదా, నాకు పెట్టినావు గదా, నేను వచ్చేసినా గదా..."

నవీన అక్కడే ఆగిపోయింది. పందిరి అంచునుంచి నీళ్ళు ఆమె భుజం మీద పడుతున్నాయి. చేతిలో ఉన్న గుడ్డను ఇంకో మడత వేసి, వెనక్కి తిరిగి రోడ్డు దాటి వచ్చేసింది.

మునిరత్నం ఆ గుడ్డ విప్పి చూశాడు. చూడగానే తెలిసిపోయింది ఆయనకు. "చెప్పినావా?"

"లేదు నాయనా."

"ఏమే?"

"నీ పూల వల్లనే నీ కొడుకు సావబోయినాడని ఆ యమ్మకు తెలిస్తే ఇంక బతుకుతాదా?"

"అయితే మనం బతకొద్దా?" అన్నాడు మునిరత్నం. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. నవీన ఆ మోటారును గుడ్డలోనే చుట్టి పక్కన పెట్టింది.

బజారు వీధిలో విడిభాగాల అంగడికి వెళ్ళి మూడు పెట్టెలు విప్పించుకుంది. మూడూ చూడ్డానికి ఒకటే. ఒకదాని ప్లగ్గు సరిపోదు. రెండోది అన్నీ సరిపోతాయి గానీ ఎదురు తిరుగుడు తిరిగే రకం. దాన్ని బిగిస్తే చక్రం తిరుగుతుంది, చప్పుడూ వస్తుంది, గాలి మాత్రం ముసలివాడి ఊపిరిలా వస్తుంది. చాలామంది అక్కడే మోసపోతారు. మూడోదాన్ని చేతిలో పట్టుకుని ఇరుసును అటూ ఇటూ కదిపింది. వదులుగా ఆడలేదు. అంగడి బ్యాటరీకి తగిలించి చెవి దగ్గర పెట్టుకుని వింది. దోమ పాడినంత సన్నగా, ఒకే తీరుగా ఉంది చప్పుడు. దాన్ని తెచ్చుకుంది. వ్యాను లోపలి గొట్టమంతా బ్రష్షుతో తోమి, గాలి కొట్టి, అక్షింత గింజ కూడా లేకుండా శుభ్రం చేసి బిగించింది. రబ్బరు గొట్టం తగిలించి, రెండుసార్లు లాగి చూసింది. మీట తిప్పి, గాజు దగ్గర పేపరు ముక్క పట్టుకుంటే అది ఎగిరి వెనక సీటులో పడింది.

"ఏమైంటాది దానికి?" అన్నాడు హరినాథ్ తాళాలు తీసుకుంటూ.

"కాలిపోయిందన్నా."

"అది నాకూ తెలుసు."

"రెండు దినాలు ఆగి ఒకసారి తీసుకరా అన్నా. గాజు కింద జల్లెడ పగిలింది. కంపి వల కట్ చేసి ఏస్తా."

"నా బండి మీద ఇంక నువ్వు చెయ్యి పెట్టబాకు తల్లీ. నీకో దండం." నిజంగానే దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మంగళవారం ఒక్క బండీ రాలేదు. బుధవారం మధ్యాహ్నం మునిశేఖర్ అనే ఇంకో కాణిపాకం వ్యాను అతను వచ్చాడు. అతని ఏసీ పని ముందే ఒప్పుకుని ఉన్నారు. వ్యాను ఆపాడు గానీ ఇంజను ఆపలేదు. కిటికీలోంచే, "అన్నా, ఈసారికి పలమనేరులో చూపిస్తాలే. ఏమీ అనుకోబాకు. ఇంట్లో పిల్లోళ్ళు ఉండారు," అన్నాడు. నవీన వైపు చూడకుండానే గేరు వేశాడు.

ఆ సాయంత్రం మునిరత్నం నరేంద్ర అంగడి ముందు చాలాసేపు కూర్చుని వచ్చాడు. వచ్చి పాత టెస్టు లైట్లన్నీ ఒక డబ్బాలో వెయ్యడం మొదలుపెట్టాడు. వణికే చేత్తో ఒక్కొక్కటే తుడిచి వేస్తున్నాడు.

"నరేంద్రకు శనివారం మాట చెప్తానని చెప్పినా," అన్నాడు తల ఎత్తకుండా. "సెల్లుఫోన్ల అంగట్లో నీకు పనిస్తామనిరి గదా పోయినేడు. నీడపట్టున ఉంటావు."

నవీన మూలనున్న వలల చుట్ట విప్పింది. ఒక ఇనుప వల ముక్క తీసుకుంది, దోమ దూరనంత సన్నకన్నుల వల. వ్యాను జల్లెడ కొలత ఆమె చేతికి తెలుసు. కత్తెరతో కత్తిరించి, అంచులు మడిచి, గుచ్చుకోకుండా రాయి మీద సుత్తితో కొట్టింది. ఆ చప్పుడుకు కూడా మునిరత్నం తల ఎత్తలేదు.

గురువారం తొలి బస్సుకు ఐరాల వెళ్ళింది. ముసురు తెరిపిచ్చింది. వీధి మొదట్లోనే హరినాథ్ వ్యాను నిలబడి ఉంది. గబగబా వల బిగించేసి, ఎవరూ చూడకముందే వెళ్ళిపోదామనుకుంది. సంచీ దించి, గాజు కిందికి వంగి జల్లెడ మీద వల ఆనించి చూస్తోంది.

"ఎవురమ్మే అది? పొద్దన్నే మా బండి ముక్కు కాడ ఏం దేవులాడుతుండావు?"

హరినాథ్ తల్లి చంద్రకాంతమ్మ. పొట్టి మనిషి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఉంది. ఒక చేతిలో పూల తట్ట, ఇంకో చేతిలో కడిగిన గరిక. గరికనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేనవ్వా, నవీన. చిత్తూరు మునిరత్నం కూతుర్ని."

"ఓ! మావోడ్ని కొండ మీద సంపబోయిన పిల్లవా?" కిందినుంచి పైదాకా చూసింది. "సన్నంగా ఉండావే, తిండి తినవా? కాఫీ తాగినావా?"

"తాగినానవ్వా."

"అబద్ధం. తొలి బస్సుకొచ్చినదానివి యాడ తాగింటావు? ఉండు, పూలు పెట్టి పోసిస్తా." అని గాజు దగ్గరికి వచ్చింది.

నవీన చెయ్యి అడ్డం పెట్టింది. "అవ్వా, ఈ పొద్దు నుంచి పూలు ఈడ వద్దు. లోపల పెట్టు. అద్దానికి కట్టు, బొమ్మ కాడ పెట్టు, యాడన్నా పెట్టు."

"ఏమే?"

"ఊరికేనే. ఈడ పెడితే గాలికి ఎగిరిపోతాయి గదా."

"పదేండ్లుగా ఎగిరిపోతుండాయి. ఎగిరిపోయినవి పోయినాయి, ఉన్నవి ఉన్నాయి. కొత్తగా నీకేమొచ్చె?" చంద్రకాంతమ్మ నవీన చేతిలోని వలను చూసింది. గాజు కింద జల్లెడను చూసింది. తట్ట బానెట్టు మీద పెట్టి, విరిగిన మూలలోకి చూపుడు వేలు పోనిచ్చింది. వేలు రెండు కణుపులు దిగింది. బయటికి తీస్తే గోరుకు తడి బంతిరేకు అంటుకుని ఉంది, నిన్నటిది.

ఆ రేకును నవీన మొహం ముందు పెట్టింది.

"ఇది లోపలికి పోతే యాడికి పోతాది?"

నవీన వల అంచులు సర్దుతోంది.

"నిన్నే అడుగుతుండేది. యాడికి పోతాది?"

"జల్లెడ పాతదయిపోయిందవ్వా, పగిలి..."

"జల్లెడ సంగతి అడగలా నేను. మోటారు నా పూలకే కాలిందా?"

ఆ పిల్ల తల వంచుకుంది. ఆ వంచుకోవడమే జవాబు. చంద్రకాంతమ్మ బానెట్టు పట్టుకుని నిలబడింది. నవీన భయపడింది, ఈమె ఇక్కడే కూలిపోతుందని. పట్టుకుందామని ముందుకు జరిగింది.

చంద్రకాంతమ్మ ఆ చేతిని తోసేసింది. "ఎప్పుడు తెలిసె నీకు?"

"సోమారం."

"ఈ పొద్దు బేస్తారం. మంగళారం పెట్టినా. నిన్న పెట్టినా. ఇప్పుడు పెట్టబోతుండా. ఇన్ని దినాలు ఏం చేస్తుండావు?"

"అవ్వా, అన్న నీతో ఫోనులో... నీ పూలే కాపాడినాయని చెప్తుంటే విన్నా. నాకు నోరు రాలేదు. నువ్వు నొచ్చుకుంటావని..."

"నేను నొచ్చుకుంటానని?" ముసలామె గొంతు పెంచలేదు, అందుకే అది ఇంకా గట్టిగా తగిలింది. "నా మనసు నొచ్చుకోకూడదని నా కొడుకును మళ్ళీ అదే బండిలో కొండకు పంపుతావా? రేపు శుక్రారం పోతుండాడు, తెలుసునా నీకు? నేను ముసిల్దాన్ని గానీ, గాజు బొమ్మనా పగిలిపోయేదానికి? మొగుడ్ని లారీ కింద నుంచి తెచ్చుకున్నదాన్ని. నన్ను కాపాడేదానికి నువ్వెంత దానివే?"

నవీనకు ఏడుపు వచ్చింది. తిట్టినందుకు కాదు. ఆ మాట నిజం. ఇన్ని గరికపోచలు చుట్టుకోవడానికి వారాలు పడుతుందిలే, ఈలోగా వల వేసేద్దాంలే అని తనకు తానే చెప్పుకుంటూ వచ్చింది. మంచి చేస్తున్నాననుకుంది. వ్యానులో ఎక్కే పదిమందీ ఆ మంచిలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"తప్పయిపోయిందవ్వా. చవితికి మోటారు దించినప్పుడు కూడా చెత్త చూసినా. ఎందుకు చచ్చిందో ఆలోచన చేయలా. మార్చి ఇచ్చేసినా."

"ఆ, అట్ల చెప్పు," అంది చంద్రకాంతమ్మ. కొంగుతో ముందు తన ముక్కు తుడుచుకుని, తర్వాత అదే కొంగుతో నవీన కళ్ళు తుడిచింది. "తప్పులో నీది రొంత, నాది రొంత. ఇంక ఏడవబాకు. ఒరే హరీ! ఇట్ల రారా!"

హరినాథ్ నోట్లో బ్రష్షుతో వచ్చాడు. నవీనను చూసి నురగ ఉమ్మేశాడు. "నువ్వు మళ్ళీ నా బండి మీద—"

"నువ్వు గమ్మునుండు. అమ్మే, దాన్ని దించు. వీడు సూడాల."

నవీన అర ఊడదీసి, మూడు స్క్రూలు విప్పి మోటారు దించింది. సోమవారం బిగించిన కొత్త మోటారే. చక్రంలో అప్పుడే నాలుగు బంతిరేకులు కూర్చున్నాయి. ఒకే ఒక్క గరికపోచ, ఇంకా పచ్చిగానే ఉంది, ఇరుసు చుట్టూ ఒక చుట్టు చుట్టుకుని రెండో చుట్టుకు తోక వంచింది.

"మోటారు ఈ పిల్ల కాల్చలా," అంది తల్లి. "నేను కాల్చినా."

హరినాథ్ ఆ చక్రాన్ని చూశాడు, తల్లిని చూశాడు. అతని మొహం ఒక్కసారిగా చిన్నపిల్లవాడి మొహమైపోయింది. "ఏం లేదు మా, ఇంత పోచకేమయితాది... అది కాదులే. మోటార్లన్నాక కాలతాయి. నువ్వు లోపలికి పో మా, నేను చూసుకుంటా."

చంద్రకాంతమ్మ నవీన వైపు తిరిగింది. "సూసినావా? వీడూ నీ మాదిరే. ఇద్దరూ కలిసి నన్ను దిండు కింద పెట్టి దాస్తారు." కొడుకు వైపు తిరిగింది. "చిత్తూరులో వాళ్ళ అంగడి ముందర అరిసినావంట గదా. స్టాండులో కూడా చెప్పినావంట. పద, అంతే గట్టిగా మళ్ళీ చెప్పాల."

"నేను చెప్తాలే మా."

"నువ్వు చెప్తే నన్ను తప్పించేసి చెప్తావు. నేనొస్తా. నువ్వు మొగం కడుక్కో. అమ్మే, నువ్వు మోటారు ఎక్కించి ఆ వల బిగించు. నేను కాఫీ తెస్తా."

ఎనిమిది గంటలకు కాణిపాకం వ్యాన్ల స్టాండులో హరినాథ్ వ్యాను ఆగింది. ముందు సీటులోంచి చంద్రకాంతమ్మ, ఆమె వెనకాలే సంచీతో నవీన దిగారు. అక్కడ పదిమంది పైగా డ్రైవర్లు ఇడ్లీలు తింటూ, కిరాయిల కోసం చూస్తూ ఉన్నారు.

"అప్పా, అందురూ ఒక మాట వినండి. నేను హరి అమ్మను. వాడి బండిలో మోటారు కాలింది నా పూల వల్ల. గరిక పోయి ఇరుసుకు చుట్టుకునింది. ఈ పిల్ల కొత్తదే ఏసింది, బాగనే ఏసింది. మావోడు తెలీక నోరు పారేసుకున్నాడు. ఆ మాట ఎవురెవురికి చెప్పినాడో వాళ్ళంతా ఈ మాట కూడా చెప్పుకోవాల."

ఎవరో నవ్వారు. "పూలకు మోటార్లు కాలతాయా అవ్వా? దేముడి పూలు గదా!"

"దేముడివే నాయనా. దేముడు మోటారు లోపల కూసోమన్నాడా వాటిని?" అంటూ దగ్గరలో ఉన్న వ్యాను గాజు కిందికి వంగింది. అక్కడా గరిక. పక్క వ్యానుకు వెళ్ళింది, అక్కడా. ఆమె వెనకాల ఒక్కొక్కరే ఇడ్లీ ఆకులు కింద పెట్టి నడవడం మొదలుపెట్టారు. మునిశేఖర్ వ్యాను దగ్గర ఆగి, జల్లెడ సందులో గోరు పెట్టి ఎండిన గరిక ఒకటి లాగింది. అది వస్తూనే ఉంది, జానెడు, రెండు జానెలు.

"ఇది ఎవురు పెట్టినారబ్బా?"

"మా ఆడమనిషి," అన్నాడు మునిశేఖర్ గొంతు తగ్గించి.

"ఆ యమ్మను తిట్టబాకు. లోపల పెట్టమని చెప్పు. బ్లోయరు ఎట్లుండాది నీది?"

"నెల నుంచి గుర్రుమంటుండాది అవ్వా."

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. హరినాథ్ అందరికీ వెనకాల, తన వ్యానుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నవీన సంచీ తీసుకుని బస్సు కోసం రోడ్డు వైపు నడుస్తుంటే, పరుగెత్తుకుంటూ వచ్చి సంచీ ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"నేను దించుతా పా." కాస్త దూరం నడిచాక అన్నాడు, "పొయ్యి మాట ఒకటి అనేసినా గదా ఆ పొద్దు. అది... అనకుండా ఉండాల్సింది."

"అవునన్నా," అంది నవీన. "ఉండాల్సింది." అతను తల ఊపాడు. ఇద్దరూ వ్యాను ఎక్కారు.

మరుసటి రోజు, శుక్రవారం, మళ్ళీ వాన పట్టింది. హరినాథ్ కొండకు వెళ్ళాడు. పది గంటలకల్లా మునిరత్నం షెడ్డు ముందు మూడు కాణిపాకం వ్యాన్లు వరసగా నిలబడి ఉన్నాయి, ముందరిది మునిశేఖర్‌ది. అతను గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చి, స్టూలు మీద కూర్చున్న మునిరత్నాన్ని దాటి లోపలికి తొంగి చూశాడు.

"నవీన ఉండాదా అన్నా?"

ఆ రెండేళ్ళలో ఆ షెడ్డులో అలా అడిగిన మొదటి మనిషి అతను. మునిరత్నం స్టూలు కాస్త పక్కకు జరుపుకున్నాడు. వేలితో చూపించాడు.

ఆ సమయానికే నరేంద్ర వచ్చాడు. వ్యాన్ల వరసను చూసి, "ఏమన్నా, శనివారం అన్నావు గదా, ఒక దినం ముందే చెప్పేస్తే నాకు రేకులోళ్ళకు చెప్పుకునేదానికి బాగుంటాది. షెడ్డు ఇస్తావా, ఇయ్యవా?" అన్నాడు.

మునిరత్నం వణికే చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు.

"నన్ను అడుగుతావేంది నరేంద్రా? అంగడి గలామె ఆ బండిలో ఉండాది. ఆమెను అడుగు."

నరేంద్ర చూశాడు. వ్యాను తలుపులోంచి రెండు కాళ్ళు మాత్రం బయటికి కనబడుతున్నాయి, చెప్పుల్లేకుండా. తల, చేతులు డ్యాష్‌బోర్డు అడుగున ఎక్కడో ఉన్నాయి. నోట్లో టార్చి పెట్టుకున్నట్టుంది, మాట ముద్దగా వచ్చింది.

"ఇచ్చేది లేదన్నా!"

అంతే. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. రేపు మీ వాళ్ళకు ఎవరికైనా చెప్పండి. చెప్పేటప్పుడు ఆ ముసలామె పూల సంగతి మొహమాటపడి దాచేయకండి, ఆమెకు కోపం వస్తుంది. ఆ పిల్ల మూడు రోజులు నోరు మూసుకున్న సంగతి కూడా ఉన్నదున్నట్టుగానే చెప్పండి.